పాటలు తగ్గాయి, వసూళ్లు పెరిగాయి: ‘పుష్ప 2’ లెక్కలో సంగీతం వాటా ఎంత?

క్లుప్తంగా

మొదటి భాగం పాటలు రెండో భాగానికి టికెట్లు అమ్మిపెట్టాయి. రెండో భాగంలో బరువు ఆర్‌ఆర్ మీద, అంటే నేపథ్య సంగీతం మీద పడింది. దాని పని టికెట్లు అమ్మడం కాదు, కొన్నవాణ్ణి మూడు గంటల ఇరవై నిమిషాలు కుర్చీలోంచి లేవనివ్వకపోవడం. పైకి కనిపించే 1,800 కోట్లలో రెండో భాగం సంగీతంతో సంబంధం లేని వాటాలూ పెద్దవే: పెంచిన టికెట్ ధర, ఆరు భాషల విడుదల, మూడేళ్లపాటు మొదటి భాగాన్ని ఇళ్లలో చూసి కొత్తగా చేరిన ప్రేక్షకులు. వీటిని విడదీయకుండా సంగీతం హిట్టా ఫట్టా అని తేల్చడం కుదరదు.

తికమక ఎక్కడ

సినిమా ఆడితే పాటల వల్లే ఆడిందనడం, పోతే పాటలు బాగాలేక పోయిందనడం తెలుగునాట పాత అలవాటు. ‘పుష్ప 2: ది రూల్’ ఈ అలవాటును ఇరుకున పెట్టింది.

2021 డిసెంబరు 17న వచ్చిన ‘పుష్ప: ది రైజ్’ పాటలు సినిమాను దాటి బయటికి నడిచాయి. సిద్ శ్రీరామ్ గొంతులో ‘శ్రీవల్లి’, మౌనిక యాదవ్ ‘సామీ సామీ’, ఇంద్రావతి చౌహాన్ ‘ఊ అంటావా’ పెళ్లి బరాత్‌ల్లో, కాలేజీ ఫంక్షన్లలో నెలల తరబడి మోగాయి. చెప్పు జారుతుంటే కాలు ఈడ్చే ఆ నడక తెలుగు రాని ఊళ్లకూ పాకింది. ఆ పాటలకే దేవిశ్రీ ప్రసాద్ జాతీయ అవార్డు అందుకున్నారు.

2024 డిసెంబరు 5న రెండో భాగం వచ్చింది. ‘పుష్ప పుష్ప’, ‘సూసేకి’, ‘కిస్సిక్’, ‘పీలింగ్స్’ యూట్యూబ్‌లో భారీగానే ఆడాయి. కానీ మొదటి భాగం పాటల్లా జనం నోళ్లలో నానలేదన్న మాట విడుదలకు ముందూ తర్వాతా వినపడుతూనే ఉంది. వసూళ్లు మాత్రం ఎదురు దిక్కుకు పరుగెత్తాయి. మొదటి భాగం మొత్తం ఆటలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 350 కోట్ల గ్రాస్ చేస్తే, రెండోది తొలిరోజే 294 కోట్లు, ఆరు రోజుల్లో 1,000 కోట్లు చేసిందని నిర్మాణ సంస్థ మైత్రీ మూవీ మేకర్స్ ప్రకటించింది. చివరికి ఆ అంకె 1,800 కోట్లు దాటింది.

పాటల పలుకుబడి తగ్గినప్పుడు వసూళ్లు ఐదు రెట్లు ఎలా పెరిగాయి? సంగీతానికి వసూళ్లతో పనిలేదని అనుకోవాలా? జవాబు కోసం ముందు ఆ అంకెను విప్పి చూడాలి, తర్వాత సంగీతం అనే ఒక్క మాట కింద దాగిన రెండు వేర్వేరు పనులను.

అంకెను విప్పి చూస్తే

వసూళ్ల పోస్టరు మీద ఉండేది గ్రాస్. అంటే ప్రేక్షకుడు కౌంటర్లో చెల్లించిన మొత్తం. అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్. నెట్‌లోంచి థియేటరు వాటా లేదా అద్దె పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేర్. బయ్యరు గట్టెక్కాడా మునిగాడా అన్నది షేర్ చెబుతుంది. అభిమానుల గొడవంతా గ్రాస్ మీద. హిందీ ట్రేడ్ ఎక్కువగా నెట్‌లో మాట్లాడుతుంది, తెలుగు ట్రేడ్ షేర్‌లో మాట్లాడుతుంది. ఒకరి అంకెను మరొకరి అంకె పక్కన పెట్టి పోల్చడంతోనే సగం తికమక మొదలవుతుంది.

తెలంగాణ మల్టీప్లెక్సులో మామూలు గరిష్ఠ ధర పన్నుతో కలిపి 295 రూపాయలు. ‘పుష్ప 2’ తొలి నాలుగు రోజులకు ప్రభుత్వం అనుమతించిన పెంపుతో అది 531 అయింది. అందులో 18 శాతం జీఎస్టీ కింద 81 రూపాయలు పోతే నెట్ 450. మొదటి వారం సగం సగం ఒప్పందం అనుకుంటే డిస్ట్రిబ్యూటరు షేర్ 225. డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్లకు ఏకంగా 800 రూపాయల అదనపు ధరకు అనుమతి దొరికింది. దాంతో మల్టీప్లెక్సు సీటు 1,239 రూపాయలకు చేరింది. మామూలు రోజుల్లో నలుగురు కూర్చుంటే రావాల్సిన డబ్బు ఒక్క సీటు మీదే వచ్చిందన్నమాట. ఆ రాత్రి అంకెల్లో సంగీతం వాటా వెతకడం దండగ. అక్కడ పనిచేసినవి అభిమానం, ఆత్రం, జీవో.

పాత సినిమాలతో పోలికలు కూడా ఈ కారణంగానే తప్పుదారి పడతాయి. 2017 ఏప్రిల్ 28న వచ్చిన ‘బాహుబలి 2: ది కన్‌క్లూజన్’ సుమారు 1,800 కోట్ల గ్రాస్ చేసింది. అప్పటికి జీఎస్టీ రాలేదు, రాష్ట్రానికో తీరు వినోదపు పన్ను ఉండేది, టికెట్ సగటు ధర ఇప్పటికంటే బాగా తక్కువ. రెండు సినిమాల గ్రాస్ దగ్గరదగ్గరగా ఉందంటే ‘బాహుబలి 2’కు టికెట్లు చాలా ఎక్కువ తెగాయని అర్థం. వసూళ్లలో సమానం, జనంలో కాదు. ఈ తేడా పోస్టరు మీద ఎప్పటికీ కనపడదు.

మొదటి భాగం పెట్టిన విత్తనం

సీక్వెల్ తొలిరోజు వసూళ్లు నిజానికి మొదటి భాగం సంపాదించి వదిలేసిన పరపతి. థియేటర్లో మొదటి భాగం చూసినవాళ్లు కొందరే. ఆ తర్వాత ఓటీటీలో, టీవీలో, ఫోన్లో చూసినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. వాళ్లెవరూ మొదటి భాగానికి టికెట్ కొనలేదు. రెండో భాగం వచ్చేసరికి వాళ్లంతా ఒకేసారి క్యూలో నిలబడతారు. కథ మధ్యలో ఆగి ఉంటే ఆ క్యూ ఇంకా పొడుగవుతుంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నతో దేశం దాదాపు రెండేళ్లు కాలక్షేపం చేసింది.

హిందీ అంకెలు చూస్తే ఈ పద్ధతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘బాహుబలి’ మొదటి భాగం హిందీ నెట్ సుమారు 118 కోట్లు, రెండోది 511 కోట్లు. ‘కేజీఎఫ్’ మొదటి భాగం హిందీలో సుమారు 44 కోట్లు, 2022 ఏప్రిల్ 14న వచ్చిన రెండో భాగం 434 కోట్లు. ‘పుష్ప’ మొదటిది 100 కోట్లు దాటి ఆగితే రెండోది 800 కోట్లు దాటింది. సొంత భాషలో ఇంత పెద్ద గుణకారం ఎక్కడా లేదు. సొంతగడ్డ మీద మొదటి భాగాన్నే చాలామంది థియేటర్లో చూసేశారు, కాబట్టి కొత్తగా చేరే జనం తక్కువ. బయటి మార్కెట్లో మొదటి భాగం విత్తనం, రెండో భాగం పంట.

ఈ విత్తనాన్ని మోసుకెళ్లింది ప్రధానంగా పాటలే. రెండున్నర గంటల సినిమాను ఎవరికైనా చూపించాలంటే కూర్చోబెట్టాలి. ముప్పై సెకన్ల పాట ముక్క తనంతట తానే చేతికొస్తుంది. 2022 ఫిబ్రవరిలో శ్రీలంకతో టీ20లో వికెట్ తీసిన రవీంద్ర జడేజా పుష్పలా గడ్డం కింద చెయ్యి పోనిచ్చినప్పుడు ఆ పాత్రకు జరిగిన ప్రచారాన్ని ఏ నిర్మాతా డబ్బు పెట్టి కొనలేడు. ఆ పాటలు, ఆ భంగిమ మూడేళ్లపాటు ఊరకుండకుండా తిరుగుతూ రెండో భాగానికి జనాన్ని పోగేశాయి. 2024 నవంబరు 17న ట్రైలర్‌ను హైదరాబాదులో కాక పాట్నా గాంధీ మైదానంలో విడుదల చేశారంటే, పంట ఎక్కడ పండిందో నిర్మాతలకు ముందే తెలుసు.

కనుక ‘పుష్ప 2’ ఆల్బమ్ మీద చర్చ సగం అనవసరం. టికెట్లు అమ్మాల్సిన పాటలు మూడేళ్ల ముందే ఆ పని చేసేశాయి.

పాట ఫోనుది, ఆర్‌ఆర్ హాలుది

ప్రేక్షకులు బీజీఎం అనేదాన్ని పరిశ్రమలో ఆర్‌ఆర్ అంటారు. రీ-రికార్డింగ్ అన్న పాత మాటకు పొట్టిరూపం. పాట, ఆర్‌ఆర్ రెండూ తరచుగా ఒకే సంగీత దర్శకుడి చేతిలోంచి వస్తాయి కాబట్టి రెంటినీ ఒకటే అనుకుంటాం. వాటి పని మాత్రం ఒకటి కాదు. జాతీయ అవార్డుల్లో పాటలకూ నేపథ్య సంగీతానికీ 2009 సినిమాల నుంచి వేర్వేరు బహుమతులు ఇస్తున్నారు. 2021 సినిమాలకు ఇచ్చిన అవార్డుల్లో పాటలకు ‘పుష్ప’తో దేవిశ్రీ, నేపథ్య సంగీతానికి ‘ఆర్‌ఆర్‌ఆర్’తో కీరవాణి నిలిచారు. ఒకే ఏడాది, రెండూ తెలుగే, రెండు వేర్వేరు విద్యలు.

పాట ఇప్పుడు ఫోను కోసం తయారవుతోంది. పల్లవి తొలి ముప్పై సెకన్లలోనే పట్టు దొరకాలి, స్టెప్పు ఆ ముక్కలోనే ఇమిడిపోవాలి, చిన్న స్పీకరులో కూడా గొంతు, తాళం తెలియాలి. ‘పుష్ప పుష్ప’లో ఫోను పట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని వేసే స్టెప్పులు రీల్స్ కొలతకు కత్తిరించినట్టే ఉంటాయి. పాట ఆడియో కంపెనీకి ఆస్తి కూడా. ‘పుష్ప 2’ ఆడియో హక్కులు టీ-సిరీస్ కొనుక్కుంది. శాటిలైట్, డిజిటల్ హక్కుల్లాగే ఇది థియేటరుతో పనిలేకుండా విడుదలకు ముందే వచ్చే ఆదాయం.

ఆర్‌ఆర్ అందుకు తలకిందులు. దాని బలమంతా తక్కువ పౌనఃపున్యాల్లో, అంటే బేస్‌లో ఉంటుంది. ఫోను స్పీకరు దాన్ని పలికించలేదు. హాల్లో సబ్‌వూఫరు మోగితే అది చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. హీరో తల తిప్పడానికి అర సెకను ముందు వచ్చే నిశ్శబ్దం, ఆ వెంటనే పడే దెబ్బ నాలుగు గోడల మధ్య వందల మంది కలిసి విన్నప్పుడే పనిచేస్తాయి. ఓటీటీలో అదే సన్నివేశం చూసి ‘హాల్లో ఇంత గోల ఎందుకు చేశారో’ అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లనీ తప్పుపట్టలేం, వాళ్లు చూసింది సగం సన్నివేశమే.

మరో తేడా డబ్బుకు నేరుగా సంబంధించినది. పాటను ఆరు భాషల్లో మళ్లీ రాయించాలి, పాడించాలి. ‘శ్రీవల్లి’ తెలుగులో సిద్ శ్రీరామ్ అయితే హిందీలో జావేద్ అలీ. భాష మారిన ప్రతిసారీ పాటలో కొంత రాలిపోతుంది. ఆర్‌ఆర్‌కు ఆ బాధ లేదు. డబ్బింగుకు పంపేటప్పుడు మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉండే ట్రాక్‌ను ఇస్తారు. అదే ట్రాక్ మీద ఏ భాష మాటలైనా కూర్చుంటాయి. తిరుపతిలో విన్న డప్పు దెబ్బే పాట్నాలోనూ వినపడుతుంది. వసూళ్లలో హిందీ వాటా పెరిగేకొద్దీ ఆర్‌ఆర్ మీద బరువు పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

జ్ఞాపకాన్ని మీటడం

సీక్వెల్‌లో ఆర్‌ఆర్‌కు మామూలు సినిమాలో లేని సౌకర్యం ఒకటి ఉంది. ప్రేక్షకుడి తలలో మొదటి భాగం బాణీలు అప్పటికే ఉన్నాయి. కొత్త సినిమా హీరోను పరిచయం చేయడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటే, సీక్వెల్ నాలుగు స్వరాలతో ఆ పని కానిచ్చేస్తుంది.

‘బాహుబలి 2’ టైటిల్స్ ఇందుకు చక్కని ఉదాహరణ. మొదటి భాగంలోని ముఖ్య ఘట్టాలు శిలల్లా గడ్డకట్టి ఒకదాని తర్వాత ఒకటి తెరమీద తిరుగుతుంటాయి. నీళ్లలోంచి పసికందును పైకెత్తిన శివగామి చెయ్యి, యుద్ధం, వెన్నులో కత్తి. వెనక కాలభైరవ గొంతులో ‘ఒక ప్రాణం’. ‘గతంలో జరిగిన కథ’ అంటూ వ్యాఖ్యానం లేదు. రెండేళ్ల క్రితం చూసిన సినిమా మొత్తం ఆ కొద్ది నిమిషాల్లో తిరిగి ఒంట్లోకి వస్తుంది. టీవీ సీరియల్లో రీక్యాప్ చేసే పనిని కీరవాణి పాటతో చేయించారు. ఆ పాట ఏ ఊరేగింపులోనూ మోగి ఉండదు, చార్టుల్లో దాని స్థానం అడిగేవాళ్లూ లేరు. సినిమాకు అది చేసిన పని మాత్రం ఏ హిట్ పాటా చేయలేదు.

‘కేజీఎఫ్’లో రవి బస్రూర్ దారి వేరు. అక్కడ బాణీకంటే శబ్దమే గుర్తు. ఇనుము మీద సుత్తి పడినట్టుండే లయ, దాని మీద బృందగానం, మధ్యలో తల్లి జ్ఞాపకం వచ్చినప్పుడల్లా మెత్తబడే గొంతు. రెండో భాగంలో ఆ పొర మందం పెరిగింది, స్వభావం మారలేదు. ఎలివేషన్ల కోసమే, అంటే హీరోను ఎత్తి చూపే ఘట్టాల కోసమే జనం వచ్చే సినిమాకు అది సరిపోయింది.

‘పుష్ప 2’లో పరీక్ష జాతర ఘట్టం దగ్గర వచ్చింది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకునే ఆచారం ఉంది. తెరమీద పుష్ప చీర కట్టి, గాజులు తొడిగి, ఒంటికి నీలిరంగు పూసుకుని మాతంగి వేషంలో దిగుతాడు. మాస్ హీరో చీరలో కనిపిస్తే హాలు నవ్వే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ ప్రమాదాన్ని తప్పించే బాధ్యతలో పెద్ద వాటా సంగీతం తీసుకుంది. చంద్రబోస్ రాయగా మహాలింగం పాడిన ‘గంగో రేణుక తల్లి’ డప్పుల మీద పూనకంలా ఎక్కుతుంది. అక్కడి నుంచి కథ అన్న కూతురి మీద చెయ్యి వేసినవాళ్లతో తలపడే దాకా వెళుతుంది. పాట ఎక్కడ ఆగిందో ఆర్‌ఆర్ ఎక్కడ అందుకుందో గుర్తుపట్టడం కష్టం. విడిగా ఆల్బమ్‌లో వింటే ఇది మామూలు భక్తి పాటలాగే అనిపించవచ్చు. విడుదలయ్యాక జనం ఎక్కువగా మాట్లాడుకున్న ఘట్టం మాత్రం ఇదే. ‘పాటలు తగ్గాయి’ అన్న తీర్పు ఆల్బమ్ విని ఇచ్చింది. హాల్లో జరిగింది దానికి అందలేదు.

తొమ్మిది రోజుల తొందర

‘పుష్ప 2’ సంగీతం వార్తల్లోకి ఎక్కింది నాణ్యత వల్ల కాదు, క్రెడిట్ల వల్ల. నేపథ్య సంగీతం పనిలోకి మరికొందరు సంగీత దర్శకులు వచ్చారన్న వార్తలు నవంబరులో గుప్పుమన్నాయి. తానూ కొంత పని చేస్తున్నట్టు తమన్ చెప్పారు. తెరమీద చివరికి సంగీతం దేవిశ్రీ ప్రసాద్ పేరుతో, అదనపు నేపథ్య సంగీతం సామ్ సి.ఎస్. పేరుతో పడ్డాయి. దీన్ని వ్యక్తుల మధ్య తగువుగా చూసినవాళ్లే ఎక్కువ. క్యాలెండరు పక్కన పెట్టుకుని చూస్తే అంతకంటే మామూలు కారణం ఒకటి కనిపిస్తుంది.

సినిమా మొదట 2024 ఆగస్టు 15కు అనుకున్నది. ఆ తేదీ కోసమే ‘పుష్ప పుష్ప’ మే 1న, ‘సూసేకి’ మే 29న బయటికి వచ్చాయి. తర్వాత విడుదల డిసెంబరు 6కు, ఆపైన ఒక రోజు ముందుకు జరిగింది. తర్వాతి పాట ‘కిస్సిక్’ వచ్చింది నవంబరు 24న. మధ్యలో దాదాపు ఆరు నెలల ఖాళీ. పాటల ప్రచారం మెట్టు మీద మెట్టుగా ఎక్కాలి. ఇక్కడ రెండు మెట్లు ఎక్కి ఆగి, చివరి పది రోజుల్లో మిగతావి పరుగున ఎక్కాల్సి వచ్చింది. పాటలు నోళ్లలో నానలేదన్న ఫిర్యాదులో బాణీల తప్పు ఎంతో, ఈ విరామం తప్పు ఎంతో చెప్పడం తేలిక కాదు.

ఆర్‌ఆర్ సంగతి ఇంకా కష్టం. చివరి షాట్ తీసినట్టు అల్లు అర్జున్ ప్రకటించింది నవంబరు 26న. విడుదలకు మిగిలింది తొమ్మిది రోజులు. పాటను కథ విని కట్టవచ్చు. ఆర్‌ఆర్‌కు ఎడిటింగు పూర్తయిన రీలు కావాలి. హీరో ఏ క్షణంలో తిరుగుతాడో, దెబ్బ ఏ ఫ్రేములో పడుతుందో తెలియకుండా సంగీతం కూర్చలేరు. నాలుగు ఫ్రేములు కత్తిరిస్తే అక్కడిదాకా చేసిన పని పక్కకు జరిగిపోతుంది. రెండు వందల నిమిషాల సినిమాలో మూడు వంతులకు సంగీతం ఉందనుకున్నా నూట యాభై నిమిషాల పని. స్వరపరచడం, వాయించడం, మిక్సింగ్, ఆపైన అన్ని భాషల ప్రింట్లు. రీళ్లు ఆలస్యంగా వస్తే వాటిని పంచుకోక తప్పదు.

దీనివల్ల నష్టం లేదని కాదు. ఒకే చెయ్యి కట్టిన సంగీతంలో పాట బాణీ ఆర్‌ఆర్‌లోకి, ఆర్‌ఆర్ బాణీ పాటలోకి పారుతుంటుంది. చేతులు మారితే ఆ పారుదల తెగుతుంది. ‘పుష్ప 2’ ఆర్‌ఆర్ ఘట్టానికి ఘట్టంగా గట్టిగా నిలబడినా, మొత్తం సినిమాను కలిపి కుట్టే ఒక్క బాణీ చెప్పమంటే తడబడాల్సి వస్తుంది. ఈ విషయంలో ‘బాహుబలి 2’దే పైచేయి.

మిగతా సీక్వెల్స్ చెప్పేది

అదే సంగీత దర్శకుడు ఉంటే చాలా? ‘ఇస్మార్ట్ శంకర్’కూ ‘డబుల్ ఇస్మార్ట్’కూ మణిశర్మే. మొదటిది 2019లో ఊపేసింది, రెండోది 2024 ఆగస్టు 15న వచ్చి నిలబడలేదు. సంగీత దర్శకుడు మారితే దెబ్బేనా? ‘కార్తికేయ’కు శేఖర్ చంద్ర, ‘కార్తికేయ 2’కు కాలభైరవ. రెండోది 2022లో హిందీలో చాలా తక్కువ షోలతో మొదలై వారాలపాటు పెరుగుతూ పోయింది. అక్కడ కథ తెగిన చోటి నుంచి కొనసాగలేదు. హీరో పాత్ర అదే, రహస్యం కొత్తది. కాబట్టి పాత బాణీ గుర్తుకు రావాల్సిన అవసరమే లేకపోయింది.

‘భారతీయుడు’ దీనికి పూర్తి వ్యతిరేకం. 1996 నాటి సేనాపతి జనం తలలో ఎ.ఆర్. రెహమాన్ పాటలతో కలిసి ఉన్నాడు. 28 ఏళ్ల తర్వాత 2024 జులైలో సేనాపతి తిరిగి వచ్చినప్పుడు సంగీతం అనిరుధ్‌ది. అనిరుధ్ సమర్థతకు ఇక్కడ ప్రమేయం లేదు. జ్ఞాపకం మీద ఆధారపడి పిలిచిన సినిమా ఆ జ్ఞాపకపు శబ్దాన్ని వదిలేసి వచ్చింది. సినిమా పోవడానికి కథనం దగ్గరే కారణాలు బోలెడున్నాయి. అయినా ఈ తెగిన తీగ కూడా వాటిలో ఒకటి.

చిన్న సినిమాల్లో ‘డీజే టిల్లు’ లెక్క ముచ్చటైనది. ఆర్‌ఆర్ తమన్ చేతిలోంచి భీమ్స్ చేతికి మారింది, కానీ టిల్లుకు టైటిల్ పాట ఇచ్చిన రామ్ మిరియాల రెండో భాగంలోనూ ‘టికెట్టే కొనకుండా’తో ఉన్నాడు. ఆ పాత్ర ఎలివేషన్ల మీద కాదు, మాట యాస మీద నడుస్తుంది. కాబట్టి దానికి కావలసిన కొనసాగింపు ఆర్‌ఆర్‌లో లేదు, ఆ గొంతులో ఉంది. 2024 మార్చిలో వచ్చిన ‘టిల్లు స్క్వేర్’ 100 కోట్ల గ్రాస్ దాటిందని నిర్మాతలు ప్రకటించారు.

ఇవన్నీ కలిపి చూస్తే సూత్రం లాంటిది దొరకదు. మొదటి భాగాన్ని జనం ఏ శబ్దంతో గుర్తుపెట్టుకున్నారన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. అది పాటా, బాణీయా, గొంతా, కేవలం ఒక దెబ్బా అన్నది ప్రతి సీక్వెల్ విడిగా తేల్చుకోవలసిందే.

ఇకముందు మారేవి

మొదట మారేది డబ్బు వచ్చే దారి. ‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. ఇకపై బెనిఫిట్ షోలు, టికెట్ పెంపులు ఉండవని డిసెంబరు 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రకటించారు. ఆ తర్వాత సినిమా సినిమాకూ ఈ విషయం మీద అనుమతులు, కోర్టు వ్యాజ్యాలు నడుస్తూనే ఉన్నాయి. పెంపు మీద భరోసా తగ్గేకొద్దీ తొలిరోజు గ్రాస్ వాటా తగ్గుతుంది, రెండో వారం ఆక్యుపెన్సీ, అంటే నిండే సీట్ల విలువ పెరుగుతుంది. రెండోసారి చూసేవాడు కథ కోసం రాడు. తెలిసిన ఘట్టాన్ని మళ్లీ హాల్లో అనుభవించడానికి వస్తాడు. ఆ అనుభవంలో ఆర్‌ఆర్ ముఖ్యమైన దినుసు.

ఓటీటీ గడువు కూడా ఇటే నెడుతోంది. హిందీ మల్టీప్లెక్సు గొలుసులు ఎనిమిది వారాల విరామం కోరతాయి. ‘పుష్ప 2’ ఆ లెక్క ప్రకారం 56 రోజులు నిండాక, 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. ఈలోగా జనవరి 17 నుంచి ఇరవై నిమిషాలు కలిపిన ‘రీలోడెడ్’ వెర్షన్ థియేటర్లలో వేశారు. పొడవు పెంచి మళ్లీ పిలవడం తెలివైన ఎత్తే. అయితే కలిపిన ప్రతి నిమిషానికీ మళ్లీ ఆర్‌ఆర్, మళ్లీ మిక్సింగ్ కావాలి.

ఒప్పందాల్లో మార్పు నెమ్మదిగా వస్తుంది. పాటలకు ఒకరు, ఆర్‌ఆర్‌కు ఒకరు అన్న పద్ధతి హిందీలో ఎప్పటినుంచో ఉంది, తెలుగులో ఇప్పుడిప్పుడే మామూలవుతోంది. పాటకు యూట్యూబ్ వ్యూస్ ఉన్నాయి, ఆడియో హక్కుల ధర ఉంది. ఆర్‌ఆర్‌కు కొలబద్ద ఏదీ లేదు. సినిమా ఆడితే హీరో ఖాతాలో పడుతుంది, ఆడకపోతే గోల ఎక్కువైందన్న నింద మిగులుతుంది. బేరం కుదిరే చోట ఇది ఆర్‌ఆర్ చేసేవారికి అనుకూలించే పరిస్థితి కాదు.

2025 అక్టోబరు 31న ‘బాహుబలి’ రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేశారు. విడివిడిగా దాదాపు ఐదున్నర గంటలున్న కథను మూడు గంటల నలభై ఐదు నిమిషాలకు కుదించాల్సి వచ్చినప్పుడు పాటలకూ కోత పడింది. అవంతిక ప్రేమకథతో పాటు రాజమౌళి తీసేసిన వాటిలో ‘పచ్చబొట్టేసిన’, ‘కన్నా నిదురించరా’, ‘ఇరుక్కుపో’ పాటలున్నాయి.